క్లిప్పులు తీసేసిన తర్వాత



ఈ రోజు పళ్ళ గురించి మాట్లాడతానంటే మా ఇంట్లో ఆయన నవ్వారు. "పళ్ళ గురించి చెప్పడానికి డాక్టర్లున్నారు గదా, నువ్వెందుకు?" అన్నారు. నిజమే, నేను చదివింది పదో తరగతి. కాని పళ్ళకు క్లిప్పులు వేయడం డాక్టర్ల పని అయితే, అవి తీసేసిన మర్నాటి నుంచి ఇంట్లో జరిగేదంతా మన పని. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదని అనను. చెప్పారు, మేమే చెవిని పెట్టలేదు.

మా మీర్‌పేట్‌లో ఇప్పుడు ఏ కాలనీకి వెళ్ళినా ఇద్దరు ముగ్గురు పిల్లల నోట్లో క్లిప్పులు మెరుస్తూ కనిపిస్తాయి. మా చిన్నప్పుడు పళ్ళ మధ్య సందుంటే అదృష్టమనీ, ఎత్తుపళ్ళయితే మేనత్త పోలికనీ సరిపెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు అలా కాదు. మా అమ్మాయికి తొమ్మిదో తరగతిలో వేయించాం. పై కోరపళ్ళు రెండూ బయటికి తోసుకొచ్చి, కింది ముందుపళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండేవి. చీటీ ఎత్తి ఆ డబ్బు కట్టాం. చోటు కోసం నాలుగు పళ్ళు తీశారు. రెండున్నరేళ్ళు పట్టింది. ఆ రెండున్నరేళ్ళూ పిల్ల జామకాయ కొరకలేదు, చెరకు నమలలేదు. సంక్రాంతికి సకినాలు పాలల్లో నానబెట్టుకుని తిన్నది. క్లిప్పులు తీసే తేదీని కేలండర్లో ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకుంది. నేను కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను.

తీయడం పెద్ద బాధేమీ కాదు. పట్టకారు లాంటి దానితో నొక్కితే ఒక్కొక్క క్లిప్పూ టక్కుమని ఊడి వస్తుంది. పంటికి అంటిన జిగురును సన్నటి యంత్రంతో అరగదీసి నున్న చేస్తారు, అప్పుడు కొంచెం జివ్వుమంటుందట. అంతా అయ్యాక డాక్టరమ్మ పిల్ల చేతికి అద్దం ఇచ్చింది. నేను అద్దాన్ని చూడలేదు, పిల్ల ముఖాన్నే చూస్తున్నాను. నవ్వుతుందనుకున్నాను. అది నాలుకతో పళ్ళు తడుముకుని, అద్దంలో రెండుసార్లు చూసుకుని, ఏమీ అనకుండా నోరు మూసుకుంది.

ఆటోలో ఇంటికొచ్చే దాకా మాట లేదు. గడప దాటగానే, "అమ్మా, పళ్ళు గింత పెద్దగున్నయేంది? గీ మచ్చలేంది? చిగుళ్ళు చూడు ఎట్ల ఉబ్బినయో. గిందుకోసమా మనం అన్ని పైసలు కట్టింది?" అని ఒకటే ఏడుపు.

నాకు చీటీ డబ్బు గుర్తొచ్చింది, కోపం వచ్చింది. "వరసగా వచ్చినయ్ గదా, ఇంకేం గావాలె నీకు?" అన్నాను. ఆ మాట నేను అనకుండా ఉండవలసింది. ఎందుకంటే ఆ పిల్ల అడిగిన మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. ఒక్కొక్కటే చెబుతాను.

పళ్ళు పెద్దవిగా, నున్నగా, జారుతున్నట్టుగా అనిపించడం అందరికీ ఉంటుంది. రెండేళ్ళపాటు నాలుకకూ పెదవికీ ఇనుప ముక్కలు తగిలి, అదే అలవాటయింది. కళ్ళకు కూడా సగం పన్ను కనిపించడమే అలవాటు. ఒక్కసారిగా మొత్తం పన్ను బయటపడితే అది మనది కాదన్నట్టు ఉంటుంది. ఇది కొద్ది రోజుల్లో పోతుంది, దీనికి మందూ అక్కర్లేదు, మాటా అక్కర్లేదు.

చిగుళ్ళ వాపు కూడా చాలావరకు పోయేదే. క్లిప్పుల చుట్టూ పాచి చేరి చిగురు ఉబ్బుతుంది. అడ్డు తొలగాక, మెత్తటి బ్రష్షుతో రోజూ రెండుపూటలా సరిగా తోముకుంటే కొన్ని వారాల్లో చిగురు దిగుతుంది. రక్తం కనిపించింది గదా అని తోమడం మానితే వాపు పెరుగుతుంది. నెల దాటినా తగ్గకపోతే మాత్రం చూపించుకోవాలి. కొందరికి వాపు దిగాక పళ్ళ మధ్య చిగురు దగ్గర చిన్న చిన్న నల్లటి సందులు కనిపిస్తాయి. ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్న పళ్ళు విడివడితే మధ్యలో చిగురు పూర్తిగా నిండదు. అది చికిత్స చెడిపోవడం కాదు.

ఇక మచ్చలు. మా ఇంట్లో అసలు బాధ ఇక్కడే వచ్చింది. మా అమ్మాయి పళ్ళమీద రెండు రకాల మచ్చలున్నాయని డాక్టరమ్మ చూపించింది. క్లిప్పు అతికిన చోటు చుట్టూ సున్నం చుక్కల్లాంటి తెల్లటివి ఒక రకం. పాచిలో పుట్టే పులుపు పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగించడం వల్ల వచ్చినవి. మనం సరిగా తోమకపోవడం వల్లే. ఇవి మొదటి ఆరు నెలల్లో ఉమ్మి వల్లా, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వల్లా కొంత తేలికపడతాయి, అన్నీ పూర్తిగా పోవు. రెండో రకం, పంటికి అడ్డంగా గీతల్లాగా, అక్కడక్కడ గోధుమరంగులో, కుడివైపు ఎలా ఉంటే ఎడమవైపూ అలాగే ఉన్నవి. అవి క్లిప్పుల వల్ల వచ్చినవి కావు, నీళ్ళ వల్ల వచ్చినవి.

మా అత్తమ్మది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. పిల్లకు ఆరేళ్ళు వచ్చేదాకా అక్కడే, ఆమె దగ్గరే పెరిగింది. మిషన్ భగీరథ నీళ్ళు ఇంకా రాని రోజులు, ఊరంతా బోరు నీళ్ళే తాగేది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం. ఆ ప్రాంతపు బోర్లలో ఎన్నో చోట్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి రాశారు. అంటే మన తెలుగువాళ్ళ పళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ముందుపళ్ళ పైపొర చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఏడెనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగితే మచ్చ పంటితోబాటే పుడుతుంది. మా అమ్మాయికి ఆ మచ్చలు ముందునుంచీ ఉన్నాయి. వంకరపళ్ళ గొడవలో మేమెవరం వాటిని పట్టించుకోలేదు. పళ్ళు వరసలోకి రాగానే చూపంతా మచ్చలమీద పడింది.

ఈ మాట డాక్టరమ్మ చెప్పిన రోజు ఇంట్లో చెప్పకుండా ఉండవలసిందేమో. మా అత్తమ్మకు ఆ గారపళ్ళే. ఇంతవయసు వచ్చినా నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. విషయం విని ఆమె పిల్లను దగ్గరికి తీసుకుని, "నా నీళ్ళు తాగినందుకే గదా బిడ్డా" అన్నది. దాంతో పిల్ల ఏడుపు ఆగిపోయింది. "నువ్వు కూడా అవే తాగినవ్ గదా నాయనమ్మా" అన్నది. ఆ తర్వాత మా ఇంట్లో మచ్చల గురించి అరుపులు లేవు.

ఇక్కడ మీలో ఒకరైనా అడుగుతారు: ఫ్లోరైడ్ వల్ల మచ్చలు వచ్చాయంటున్నావు, మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టే వాడమంటున్నావు, ఇదేం లెక్క అని. నేనూ అడిగాను. పన్ను తయారవుతున్నప్పుడు లోపలికి మింగినదానికీ, తయారైన పంటిమీద పైన పూసి ఉమ్మేసేదానికీ తేడా ఉందట. మొదటిది పైపొరను చెడగొడుతుంది, రెండోది కరిగిన ఖనిజం తిరిగి చేరడానికి సాయం చేస్తుంది. అందుకే చిన్నపిల్లలకు పేస్టు బియ్యపుగింజంతే పెట్టాలి, మింగనివ్వకూడదు.

పళ్ళు తెల్లబడాలని నిమ్మకాయా ఉప్పూ కలిపి రుద్దే అలవాటు మనలో ఉంది. మా పక్కింటివాళ్ళు వెంటనే అదే చెప్పారు. దయచేసి ఆ పని చేయకండి. పులుపుతో మెత్తబడిన పొరమీద పులుపే రుద్దితే ఉన్నదీ పోతుంది. తెల్లబరిచే మందులు కూడా క్లిప్పులు తీసిన వారంలోనే వద్దు, కొన్ని నెలలు ఆగి డాక్టరును అడగండి. మచ్చలు కనబడకుండా చేసే పద్ధతులు ఇప్పుడు నాలుగైదున్నాయి. అయినా క్లిప్పులు వరస సరిచేస్తాయి, రంగు మార్చవు. ముక్కునూ బుగ్గలనూ అసలు మార్చవు. పిల్లలు సినిమా తారల ఫోటో పట్టుకుని కూర్చుంటారు, పెద్దవాళ్ళం మనమూ ఏం తక్కువ కాదు. క్లిప్పులు తీసిన సంగతి తెలిసిన మా బంధువొకావిడ ఫోను చేసి, "ఇగ ఫోటో తీసి పెట్టండి, సంబంధాలు చూద్దాం" అన్నది. పిల్లకు పదిహేడేళ్ళు! నేను ఆమెకు గట్టిగానే జవాబు చెప్పాను. కాని నా మనసులో ఎక్కడా ఆ లెక్క లేదని ప్రమాణం చేసి చెప్పలేను.

మర్నాడు కాలేజీకి వెళ్ళేటప్పుడు అద్దం ముందు అరగంట నిలబడింది. సాయంత్రం వచ్చి చెప్పిందేమిటంటే, ఎవరూ గమనించలేదట. పక్కన కూర్చునే పిల్ల మాత్రం మధ్యాహ్నం డబ్బా తెరిచాక, "ఏందే, ఏదో మారినవ్, జడ కొత్తగ వేసుకున్నవా?" అన్నదట. నాకు నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. మన పళ్ళను మనం చూసుకున్నంతగా లోకం చూడదు. పదిహేడేళ్ళ పిల్లకు ఆ మాట చెబితే ఓదార్పుగా ఉండదు, అందుకని చెప్పలేదు. పల్లీలు వేయించి బెల్లంతో పెట్టాను.

ఇక ప్లేటు సంగతి. దీన్ని రిటైనర్ అంటారు. మా అమ్మాయికి పై పళ్ళకు అంగిలిని కప్పే గులాబీరంగు ప్లేటు, ముందు ఒక తీగ ఉండేది ఇచ్చారు. సుమారు నూరేళ్ళ కింద హాలే అనే అమెరికా దంతవైద్యుడు తయారుచేసిన నమూనా అది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. గాజులాగా పారదర్శకంగా ఉండే తొడుగులు కూడా ఉన్నాయి. కింది ముందుపళ్ళకు లోపలివైపు సన్నటి తీగ అతికించారు. ప్లేటు కొన్ని నెలలు రాత్రింబగళ్ళు పెట్టుకోవాలన్నారు, తినేటప్పుడూ తోముకునేటప్పుడూ తప్ప. తర్వాత రాత్రుళ్ళు. ఎన్నాళ్ళని అడిగితే, "పళ్ళు వరసగా ఉండాలని మీకు ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు" అన్నది డాక్టరమ్మ. అది విని పిల్ల మొహం మళ్ళీ మాడిపోయింది. క్లిప్పులు పోయాయనుకుంటే ప్లేటు వచ్చింది.

మొదటి నాలుగు రోజులు నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. నోరు దాన్ని తిండి అనుకుంటుంది పాపం. మాట కూడా ముద్దగా వస్తుంది. ట, డ, ణ, ళ పలికేటప్పుడు మన నాలుక వెనక్కి మడిచి అంగిలికి తగులుతుంది. సరిగ్గా అక్కడే ప్లేటు ఉంటుంది. స, శ, చ, జ కూడా ఈలవేసినట్టు వస్తాయి. ఇది నాకు తెలిసిన విద్య గనక ఇక్కడ కొంచెం ధైర్యంగా చెబుతాను. మైకు ముందు 'స'కూ 'శ'కూ తేడా రాకపోతే రికార్డింగు మళ్ళీ మొదటికే, కాబట్టి మేమంతా ఇంట్లో గట్టిగా చదివి వెళతాం. పిల్లకూ అదే పెట్టాను. రోజూ పావుగంట, ప్లేటు పెట్టుకునే, పేపరు బయటికి చదవాలి. తొందర లేకుండా, వాక్యం చివర ఊపిరి తీసుకుంటూ. బెల్లం, పెళ్ళి, గడ్డపెరుగు, సజ్జరొట్టె, శనగపిండి లాంటి మాటలు పదేపదే పలకాలి. మా చిన్నవాడు వెనకాల వెక్కిరించేవాడు, వాడికి రెండు తగిలించాను. పది రోజుల్లో మాట సాపు అయింది. మాట రావడం లేదని ప్లేటు తీసి మాట్లాడేవాళ్ళకు మాత్రం నెలైనా రాదు.

ఇంతవరకు నేనేదో తెలివైనదాన్నని మీరు అనుకుంటుంటే, ఇది వినండి. అయిదో రోజున ప్లేటు వాసన వస్తోందని పిల్ల అన్నది. ఇద్దరు పిల్లలకు పాలసీసాలు మరగబెట్టి పెంచిన చేయి నాది. గిన్నెలో ప్లేటు వేసి మరుగుతున్న నీళ్ళు పోసి మూతపెట్టాను. ప్లాస్టిక్ జాతి వస్తువు, వేడికి వంకర తిరిగింది. కంటికి పెద్దగా తేడా తెలియలేదు. రాత్రి పెట్టుకుంటే కుదరలేదు, నొప్పి. "పెట్టుకో, అదే సర్దుకుంటది" అన్నాను. మర్నాడూ అదే మాట. డాక్టరు దగ్గరికి పోతే డబ్బడుగుతారని నా భయం. ఆ పిల్ల రెండు రోజులు బలవంతాన పెట్టుకుని, తర్వాత పక్కన పెట్టేసింది. పది రోజులకు తీసుకెళితే ఒక పై కోరపన్ను కొంచెం పక్కకు తిరిగి ఉంది. కొత్త ప్లేటు చేయించాల్సి వచ్చింది, ఆ డబ్బూ తప్పలేదు, పన్నును మళ్ళీ సరిచేయడానికి తీగ బిగించడమూ తప్పలేదు. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండునని అనిపించింది.

ప్లేటును మామూలు చల్లనీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో, చుక్క సబ్బుతో కడిగితే చాలు. తీసినప్పుడు డబ్బాలోనే పెట్టాలి. పెళ్ళిళ్ళలో కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెడితే అది విస్తరితోబాటే పోతుంది. మా వీధిలోనే అలా రెండు పోయాయి. లోపలి తీగ ఉన్నవాళ్ళు పళ్ళ సందుల్లో దారం గాని సన్నటి బ్రష్షు గాని పోనిచ్చి శుభ్రం చేసుకోవాలి, లేకపోతే గార కడుతుంది. సకినాలు, చెక్కలు ముందుపళ్ళతో కొరక్కుండా విరుచుకుని పక్కపళ్ళతో నమలాలి. తీగ ఒకచోట ఊడినా నొప్పి ఉండదు, తెలియదు. అప్పుడప్పుడు నాలుకతో తడిమి చూసుకోవాలి.

పది రోజులకే పన్ను ఎందుకు తిరిగింది? పన్ను గోడలో మేకులాగా ఎముకలో దిగి ఉంటుందని నేను అనుకునేదాన్ని. అలా కాదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో అయిదోవంతు సందు ఉంటుంది. ఆ సందునిండా సన్నటి నారలు, నులకమంచానికి నులక అల్లినట్టు. పన్ను ఆ నారలమీద వేలాడుతుంది. క్లిప్పు ఒకవైపు తోస్తే ముందున్న ఎముక కరుగుతుంది, వెనక కొత్త ఎముక పుడుతుంది. అలా పన్ను జరుగుతుంది. క్లిప్పులు తీసేనాటికి ఆ కొత్త ఎముక ఇంకా లేత. వేరు చుట్టూ ఉన్న నారలు కుదురుకోవడానికి మూడు నాలుగు నెలలు, చిగుళ్ళలోని సాగే నారలకు ఏడాదీ ఆపైన కూడా పడుతుంది. మెలితిరిగిన పన్నును సరిచేసినప్పుడు ఆ నారలు లాగిన రబ్బరులా ఉంటాయి, వదిలితే వెనక్కి గుంజుతాయి. పెట్టెలో ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టుచీరను విప్పి ఇంకోలా మడిచి చూడండి. బరువు పెట్టకపోతే పాత మడతకే పోతుంది.

"నాలుగు పళ్ళు తీయించాం గదా, చోటుంది, ఇంకెందుకు వంకరవుతాయి?" అని మా ఆయన వాదన. ఈ వాదన పెద్దపెద్దవాళ్ళే చేశారు. ఈ వైద్యానికి ఆద్యుడనదగిన ఎడ్వర్డ్ యాంగిల్ (1855-1930) ఒక్క పన్నూ తీయకుండానే సర్దాలన్నాడు. ఆయన శిష్యుడు ట్వీడ్, సర్దిన పళ్ళు మళ్ళీ చెదరడం చూసి, పళ్ళు తీసి చోటుచేయాలన్నాడు. తర్వాత అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవాళ్ళు, అలా నాలుగు పళ్ళు తీయించుకున్న 31 మందిని, ప్లేట్లు మానేసిన ఇరవయ్యేళ్ళ తర్వాత పిలిచి చూశారు. 1988లో అచ్చయిన ఆ లెక్కలో కింది ముందుపళ్ళు చక్కగా నిలిచింది పదిమందిలో ఒక్కరికే. ఇది చదివి వినిపించాక మా ఆయన పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

క్లిప్పులు ఎన్నడూ వేయించుకోనివాళ్ళకు కూడా వయసుతో కింది ముందుపళ్ళు దగ్గరకు జరుగుతాయి. మీరే అద్దంలో చూసుకోండి, పెళ్ళినాటి ఫోటోతో పోల్చి. జ్ఞానదంతం నెట్టిందని దాన్ని నిందిస్తారు గాని పరిశోధనలు ఆ మాటను బలపరచలేదు. పళ్ళమధ్య నాలుక తోసే అలవాటు, నోటితో గాలి పీల్చే అలవాటు ఉన్న పిల్లలకు ఆ అలవాటు మానకపోతే ప్లేటు ఒక్కటే ఆపలేదు, అది డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంకా క్లిప్పులు వేయించని తల్లులు ముందే అడగవలసింది: ప్లేటు ఖర్చు మొదట చెప్పిన డబ్బులో కలిసిందా, పోతే మళ్ళీ ఎంత, తీసిన తర్వాత ఎన్నిసార్లు రావాలి. మా వైపు వాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లో పాణినీయ దంతవైద్య కళాశాల ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రోజులు ఎక్కువ తిరగాలి గాని కళాశాల ఆసుపత్రుల్లో ఖర్చు తక్కువ.

కొత్త ప్లేటు చేసినప్పుడు పళ్ళ అచ్చు ఒకటి తెల్లటి పిండితో పోసి మాకే ఇచ్చారు, మళ్ళీ అవసరమైతే తెమ్మని. పగలకుండా ఉండాలని గుడ్డలో చుట్టి వంటింట్లో పప్పుల డబ్బాల వెనక పెట్టాను. మొన్న మా అత్తమ్మ కందిపప్పు కోసం చేయిపెట్టి, గుడ్డ విప్పి, నోరు తెరిచిన పళ్ళు చూసి కెవ్వుమన్నది. తర్వాత చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగనే ఉన్నయ్ పళ్ళు, మచ్చల్లేవు" అని, కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది.